ఖాకీ దుస్తుల్లో కళాతపస్వి: కె. విశ్వనాథ్ తొలి పరిచయంలో కనిపించేదీ, కనిపించనిదీ

‘శంకరాభరణం’ చూసి, ఆ సినిమా తీసిన మనిషి ఎలా ఉంటాడో ఊహించుకున్నవారికి ఒక రూపం దానంతటదే మనసులో మెదులుతుంది. పట్టుపంచె, నుదుట విభూతి, చేతిలో తాళం, మాటకు ముందు ఒక కీర్తన. 1980 ఫిబ్రవరిలో ఆ సినిమా విడుదలైన తర్వాత అందులోని సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రికీ, ఆ పాత్రను సృష్టించిన దర్శకుడికీ మధ్య ఉన్న గీతను ప్రేక్షకులే చెరిపేశారు. అయితే ఆ ఊహతో షూటింగు చోటికి వెళ్లినవారికి కె. విశ్వనాథ్ ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు వేసుకుని లైటింగు సిబ్బంది నడుమ కనిపించేవారు. ముందుగా తెలియకపోతే ఆ గుంపులో దర్శకుడెవరో పోల్చుకోవడం కష్టమే. ఆయనతో పనిచేసిన నటులు, సాంకేతిక నిపుణులు తమ జ్ఞాపకాల్లో మొదట చెప్పేది తరచుగా ఆ దుస్తుల సంగతే.

సెట్లో అడుగుపెట్టినంతసేపూ తానూ ఒక పనివాడినేనని గుర్తుండడానికే ఆ దుస్తులని ఆయనే పలు సందర్భాల్లో వివరించారు. దాన్ని వినయంగా లెక్కగట్టి ఊరుకోవడం సులువు. 2023 ఫిబ్రవరి 2న ఆయన కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళుల్లో చాలావరకు ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. ఆయన సినిమాలను వరుసగా చూస్తే ఆ ఖాకీ వెనుక వ్యక్తిగత వినయాన్ని మించిన ఒక దృక్పథం బయటపడుతుంది. కళను ఆయన దేవుడిచ్చిన వరంగా ఎంతగా కీర్తించారో, చేతులతో, కాళ్లతో, గొంతుతో చేయవలసిన కష్టంగా అంతకంటే ఎక్కువగా చూపించారు. ‘కళాతపస్వి’ అన్న బిరుదు ఆయన పేరుకు ముందు స్థిరపడిపోయింది గానీ, ఆ తపస్సు జరిగింది ఆశ్రమంలో కాదు, కార్ఖానాలో.

ఆ కార్ఖానా పేరు వాహినీ స్టూడియో. రేపల్లె సమీపంలోని పెదపులివర్రులో 1930 ఫిబ్రవరి 19న పుట్టి, గుంటూరులో బి.ఎస్సీ. చదివిన విశ్వనాథ్ మద్రాసు చేరి సినిమా రంగంలో అడుగుపెట్టింది కథకుడిగానో, నటుడిగానో కాదు. వాహినీలో సౌండు విభాగంలో చేరారు. తండ్రి సుబ్రహ్మణ్యం కూడా వాహినీలోనే ఉద్యోగి కావడంతో ఆ దారి ఆయనకు దొరికింది. కథలు చెప్పాలన్న కోరికతో వచ్చి, సహాయ దర్శకత్వం దొరికేదాకా నిర్మాతల గుమ్మాల ముందు నిలబడిన తోటి దర్శకుల అనుభవం వేరు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇతరులు మాట్లాడుతుంటే రోజంతా వింటూ గడిపిన వ్యక్తి అనుభవం వేరు.

సౌండు రికార్డిస్టు పనిలో ఒక విచిత్రమైన క్రమశిక్షణ ఉంది. నటుడి ముఖం ఎంత బాగా పలికినా రికార్డిస్టుకు దానితో నిమిత్తం లేదు. మాట చివరి అక్షరం మింగేశాడా, ఊపిరి అడ్డొచ్చిందా, పక్కనున్న పాత్ర గాజుల చప్పుడు సంభాషణ మీద పడిందా అన్నవే ఆయనకు పట్టింపు. ఒక నటుడు దుఃఖాన్ని నిజంగా అనుభవిస్తూ మాట్లాడుతున్నాడో, అలవాటైన ఏడుపు గొంతు పెట్టాడో కళ్లకు తెలియనప్పుడు కూడా చెవికి తెలుస్తుంది. అటువంటి గదిలో కొన్నేళ్లు గడిపిన తర్వాతే విశ్వనాథ్ ఆదుర్తి సుబ్బారావు దగ్గర దర్శకత్వ శాఖలో పనిచేసి, 1965లో అన్నపూర్ణా సంస్థ నిర్మించిన ‘ఆత్మగౌరవం’తో దర్శకుడయ్యారు. మెల్లగా మాట్లాడతారని, ఎదుటివారిని ముందు మాట్లాడనిస్తారని, కోపంలో కూడా గొంతు పెద్దగా లేవదని ఆయన్ని తొలిసారి కలిసినవారు గమనించిన లక్షణాలకు మూలం స్వభావంలోనే వెతకనక్కరలేదు. అది కొంతవరకు వృత్తి నేర్పిన అలవాటు.

ఆ చెవి ఎలా పనిచేసిందో చెప్పడానికి ‘శంకరాభరణం’లో పెళ్లిచూపుల ఘట్టం ఒక్కటి చాలు. కూతురు శారద వచ్చినవారి ముందు కూర్చుని పాడుతోంది. మనసు వేరే చోట ఉంది. ఒక స్వరం తప్పుతుంది. ఇంటినిండా చుట్టాలున్నా, కూతురి జీవితం తేలవలసిన వేళ అయినా, తండ్రి ‘శారదా!’ అని గర్జిస్తాడు. ఆ కేక ఇప్పటికీ తెలుగువారికి గుర్తుంది గానీ, కేకకు ముందు దర్శకుడు చేసిన పని అంతగా చర్చకు రాలేదు. సంగీతం తెలియని ప్రేక్షకుడికి అపస్వరం వినబడదు. వినబడకపోతే ఆ కోపం అర్థం లేని చాదస్తంగా మిగిలిపోతుంది. అందుకే అప్పటిదాకా సాగిన పాటను అదే ఊపులో చెవికి అలవాటు చేసి, తప్పు దగ్గర తండ్రి ముఖానికి వెళ్లి, సామాన్యుడు సైతం ‘ఎక్కడో ఏదో జారింది’ అని ఉలిక్కిపడేటట్టు చేశారు. వినడం రాని ప్రేక్షకుడికి కొన్ని క్షణాల పాటు విద్వాంసుడి చెవిని అరువివ్వడమంటే ఇదే. శాస్త్రీయ సంగీతం మీద సినిమా తీసి, దాన్ని రిక్షా కార్మికుల దాకా చేర్చగలగడంలోని అసలు కిటుకు ఇక్కడుంది.

శబ్దంతో జీవితం మొదలుపెట్టిన దర్శకుడు మాటలేని పాత్రలను పదేపదే ఎందుకు ఎంచుకున్నారన్నది ఆసక్తికరమైన ప్రశ్న. 1976 నాటి ‘సిరిసిరిమువ్వ’లో నాయిక మూగది, నర్తకి. ఆమెను ఆరాధించేవాడు డప్పు వాయించేవాడు. పదేళ్ల తర్వాత వచ్చిన ‘సిరివెన్నెల’లో నాయకుడు అంధుడైన వేణుగాన విద్వాంసుడు, నాయిక మాటలు రాని చిత్రకారిణి. ‘శంకరాభరణం’లో మంజుభార్గవి పోషించిన నర్తకి తులసికి మాటలున్నా, సినిమా మొత్తం మీద ఆమె పలికేది చాలా కొద్దిగా మాత్రమే. రచయిత జంధ్యాల వంటి సంభాషణల మాంత్రికుడు చేతిలో ఉండగా ఒక ప్రధాన పాత్రను దాదాపు మౌనంగా ఉంచడం సామాన్య నిర్ణయం కాదు. ‘సిరివెన్నెల’లోనైతే ఆ కథా వస్తువే సినిమాకు ఒక పరీక్ష. ఆమె చూపేది అతనికి కనబడదు, అతను అడిగేదానికి ఆమె పలకలేదు. మిగిలేవి హరిప్రసాద్ చౌరాసియా వేణువు, గాలి, అడుగుల చప్పుడు, మువ్వల సవ్వడి. దృశ్యానికి ముందు ధ్వనిని ఆలోచించే దర్శకుడు తప్ప మరొకరు అలాంటి జంటను కథగా తలపెట్టడం అరుదు.

ఇక కష్టం సంగతి. విశ్వనాథ్ సినిమాలను ‘సంప్రదాయ కళల పునరుద్ధరణ’ అన్న అరలో పెట్టేసిన విమర్శకులు ఆయన పాత్రల వృత్తులను ఒకసారి వరుసగా రాసుకుని చూడవలసింది. ‘శుభలేఖ’ నాయకుడు హోటల్లో సర్వరు. ‘స్వయంకృషి’ నాయకుడు సాంబయ్య చెప్పులు కుట్టేవాడు. అప్పటికే మాస్ కథానాయకుడిగా స్థిరపడిన చిరంజీవిని ఆయన చెప్పుల ముందు, సూదీదారంతో కూర్చోబెట్టారు. ‘స్వర్ణకమలం’లో కళ విలువ గురించి నాయికకు అదేపనిగా బోధించే చంద్రశేఖర్ కూడా పెద్ద చిత్రకారుడేమీ కాడు, హోర్డింగులకు రంగులు వేసి బతికేవాడు. ఈ జాబితాలో విద్వాంసులు లేకపోలేదు గానీ, వారి పక్కన ఎప్పుడూ చేతిపని చేసుకునేవాడు ఒకడు నిలబడి ఉంటాడు, చాలా సందర్భాల్లో విద్వాంసుడికంటే ఎత్తుగానే నిలబడతాడు.

ఈ ఆలోచన అన్నిటికంటే బాగా పండింది 1983 నాటి ‘సాగరసంగమం’లో. నాయకుడు బాలు ఒక నర్తకుడు, అతని తల్లి పెళ్లిళ్లలో వంట చేసి బతికే మనిషి. ఒక పెళ్లింట హాల్లో మంజుభార్గవి ‘బాలకనకమయ’ కీర్తనకు నర్తిస్తుంటే, లోపల వంటశాలలో, గుండిగల మధ్య, కొడుకు అదే నృత్యాన్ని తనకోసం తాను చేసుకుంటూ ఉంటాడు. అక్కడ కచేరీ, ఇక్కడ కట్టెల పొయ్యి. అక్కడ ఆహ్వానితులు, ఇక్కడ ఎవరూ లేరు, అతనికి తెలియకుండా చూస్తున్న నాయిక మాధవి తప్ప. రెండు చోట్లా ఒకే పాట, ఒకే తాళం. వేదిక మీదున్నదే కళ అనుకునే అలవాటును ఆ సన్నివేశం ఒక్క ఉపన్యాసం కూడా లేకుండా తిప్పికొడుతుంది. పైగా ఆ వంటశాల అలంకారం కోసం పెట్టిన చోటు కాదు, తల్లి చేతి కష్టం వల్లనే ఆ కొడుకు నర్తకుడయ్యాడన్న సంగతి కథ చివరిదాకా వెంటాడుతుంది. ఢిల్లీలో అతని జీవితంలోకెల్లా పెద్ద ప్రదర్శన ముంగిట ఆ తల్లే చనిపోతుంది. ఇదే సినిమాలో బాలు తన భంగిమలను ఒక చిన్న కుర్రాడి చేత ఫొటోలు తీయించుకోవడానికి పడే అవస్థ కూడా ఉంది. గంభీరమైన కళాకారుల కథలు తీసేవారిలో హాస్యానికి ఇంత చోటిచ్చినవారు తక్కువ, ఆ సంగతిని ఆయన అభిమానులే తరచూ మరిచిపోతారు.

కళ మీద ఇంత మక్కువ ఉన్న విశ్వనాథ్ కచేరీలు చేసే గాయకుడో, వేదికెక్కే నర్తకుడో కారు. ఈ విషయం తొలి పరిచయంలో చాలామందిని ఆశ్చర్యపరిచేది. తనకు చేతగానిదాన్ని చేయగలిగినవారిని వెతికి పట్టుకోవడమే ఆయన సాధన. సంగీతానికి కె.వి. మహదేవన్, ఆయన పక్కన సహాయకుడు పుహళేంది, ‘సాగరసంగమం’ నాటికి ఇళయరాజా, కలం వైపు వేటూరి, పాడడానికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, ‘శంకరాభరణం’ కెమెరా దగ్గర బాలూ మహేంద్ర. ‘స్వర్ణకమలం’లో ఒడిస్సీ నర్తకి షరాన్ లోవెన్ కనిపించడం కూడా ఆ వెతుకులాటలో భాగమే. కాకినాడలో టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేసుకుంటున్న సీతారామశాస్త్రికి ‘సిరివెన్నెల’ పాటలన్నీ అప్పగించడం ఆ రోజుల్లో సాహసమే. ఆ సినిమా పేరే ఆయన ఇంటిపేరై నిలిచింది. పాట సందర్భాన్ని రచయితకు వివరించేటప్పుడు విశ్వనాథ్ తానే బాణీకి సరిపడా డమ్మీ మాటలు అల్లి వినిపించేవారని, అందులో కొన్ని పల్లవులుగా అలాగే నిలిచిపోయాయని ఆయనతో పనిచేసిన కవులు చెప్పుకున్నారు. కవిగా పేరు వేసుకోకుండా కవికి దారి చూపించే ఈ పద్ధతిలో కూడా ఖాకీ గుర్తుకు వస్తుంది.

మృదువుగా మాట్లాడతారు కాబట్టి మెతక మనిషి అనుకుంటే మాత్రం తొలి అభిప్రాయం తప్పుదారి పట్టిస్తుంది. ‘శంకరాభరణం’ నిర్ణయాలను ఒకసారి చూడాలి. కథానాయకుడి వయసు యాభై. ఆ పాత్రకు ఎంపికైన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు, నాటక రంగంలో పేరున్నవారే గానీ సినిమా ప్రేక్షకులకు అపరిచితుడు. నాయిక స్థానంలో ఉన్న మంజుభార్గవిని జనం అప్పటికి ఎక్కువగా చూసింది క్లబ్బు డాన్సుల్లో. ఫైట్లు లేవు, యుగళగీతాల వరద లేదు. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు ఇన్నిటికీ ఒప్పుకోవడం ఒక విశేషమైతే, వీటిలో ఏ ఒక్కదాన్నీ వదులుకోకుండా దర్శకుడు పట్టుబట్టి నిలబడడం అంతకంటే పెద్ద విశేషం. ఫలితంగా ఆ సినిమా సంపూర్ణ వినోదాత్మక చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది, మహదేవన్‌కు, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరామ్‌కు కూడా జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఏడిదతో ఆయన బంధం ‘సాగరసంగమం’, ‘స్వాతిముత్యం’, ‘స్వయంకృషి’, ‘ఆపద్బాంధవుడు’ దాకా సాగింది. వీటిలో ‘స్వాతిముత్యం’ ఆస్కార్ పోటీకి మన దేశం తరఫున అధికారికంగా వెళ్లింది.

కళాభినివేశంలోని చీకటి కోణం ఆయనకు తెలియదనుకోవడం మరో పొరపాటు. 1992 నాటి ‘స్వాతికిరణం’ ఈ విషయంలో ఆయన తీసిన అన్ని సినిమాలకంటే నిర్దయమైనది. మమ్ముట్టి పోషించిన అనంతరామశర్మ మహా విద్వాంసుడు, అదే సమయంలో తనకంటే గొప్పగా పాడగల పసివాడిని భరించలేని మనిషి. శిష్యుడి గొంతు వినగానే ఆయన ముఖంలో మొదట మెరిసేది ఆనందం, ఆ వెంటనే దాన్ని కమ్మేసేది అసూయ. మంచి సంగీతాన్ని గుర్తించగల శక్తి వల్లనే ఆయనకు అసూయ కలుగుతోంది, చెవి లేని మూర్ఖుడికి ఆ బాధ ఉండేది కాదు. పన్నెండేళ్ల కిందట శంకరశాస్త్రి రూపంలో పూజలందుకున్న గురువును అదే దర్శకుడు బోను ఎక్కించినట్టయింది. తెలుగు ప్రేక్షకులు ఈ రెండు సినిమాలను కలిపి చూడడం అలవాటు చేసుకోలేదు. కలిపి చూస్తే శంకరశాస్త్రి కోపంలో కూడా అనంతరామశర్మ ఛాయ కొంచెం కనిపించక మానదు.

ఆయన పరిమితులను కూడా దాచవలసిన పని లేదు. శాస్త్రీయ సంగీతం ఎదుట పాప్ సంగీతం వినేవారంతా తేలికమనుషులుగా, అల్లరిమూకగా కనిపించడం ‘శంకరాభరణం’లో సులువుగా వేసిన ఎత్తు. కళాకారుడు చనిపోతేనే కథ ముగిసినట్టనిపించడం ఆయనకు దాదాపు వ్యసనమైంది. శంకరశాస్త్రి, బాలు, ‘స్వాతికిరణం’లోని బాల శిష్యుడు గంగాధరం, ఇలా మరణం చేత సినిమాను ముగింపుకు నడిపించిన సందర్భాలు ఎక్కువే. అగ్రహారపు వాతావరణం మీద ఆయనకున్న మమకారాన్ని తప్పుపట్టినవారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. అయితే ఆ విమర్శ చేసేవారు 1981 నాటి ‘సప్తపది’ని పక్కనపెట్టడం సరికాదు. నిష్ఠాపరుడైన బ్రాహ్మణ పూజారి, అప్పటికే వివాహమైన తన మనవరాలిని ఆమె ప్రేమించిన దళిత వేణువాద్యకారుడి వెంట తన చేతులతోనే పంపించే కథ అది. ఆ వృద్ధుడి పాత్రలో కూడా సోమయాజులే ఉన్నారు. శంకరశాస్త్రిగా ప్రేక్షకులు మనసులో ప్రతిష్ఠించుకున్న ముఖం చేతనే, రెండేళ్లు తిరక్కుండానే, సంప్రదాయం దాటించిన నిర్ణయంలో తెగువ ఉంది. దాన్ని జాతీయ సమైక్యతకు సంబంధించిన జాతీయ పురస్కారం గుర్తించింది గానీ, చర్చ మాత్రం రావలసినంత రాలేదు.

తర్వాతి తరానికి విశ్వనాథ్ తొలి పరిచయం వేరే రూపంలో జరిగింది. 1995లో వచ్చిన ‘శుభసంకల్పం’తో, తన సొంత దర్శకత్వంలోనే, ఆయన నటుడిగా మారారు. ఆ తర్వాత ‘కలిసుందాం రా’, ‘నరసింహనాయుడు’ వంటి సినిమాల్లో తాతగా, ఇంటిపెద్దగా కనిపించారు. తెల్లజుట్టు, స్థిమితమైన చూపు, తొందరపడని మాట. ఆ పాత్రల ద్వారానే ఆయన్ని ఎరిగిన యువతరంలో కొందరికి, ఆయన యాభైకి పైగా సినిమాలు తీశారన్న సంగతి 2016 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ప్రకటించినప్పుడు గానీ తెలియలేదు. ఈ నటనను చరమాంకపు కాలక్షేపంగా తీసిపారేయకూడదు. సెట్లో నటులకు ప్రతి సన్నివేశాన్నీ తానే చేసి చూపించేవారని కమల్ హాసన్, చిరంజీవి వంటివారు చెబుతూ వచ్చారు. ఆ చేసి చూపించడం ఎలా ఉండేదో మనకు మిగిలిన సాక్ష్యం ఈ పాత్రలే. ‘శుభసంకల్పం’లో రాయుడు పాత్రను గమనిస్తే, మాట మొదలుపెట్టే ముందు ఆయన తీసుకునే చిన్న విరామం ఆయన దర్శకత్వంలో నటించిన సోమయాజులులోనూ, కమల్ హాసన్‌లోనూ కనిపించే విరామమేనని తెలుస్తుంది.

విశ్వనాథ్ సినిమాలు ఇంకా చూడనివారు ‘శంకరాభరణం’తో మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ ‘సిరిసిరిమువ్వ’తో మొదలుపెట్టడమే మేలు. ‘శంకరాభరణం’ చుట్టూ నాలుగు దశాబ్దాల కీర్తి పేరుకుపోయింది, దాన్ని ఇవాళ కొత్త కళ్లతో చూడడం కష్టం. ‘సిరిసిరిమువ్వ’కు ఆ బరువు లేదు. బిరుదులు రాకముందు, మధ్యతరగతి కుటుంబ కథల దర్శకుడిగా మాత్రమే మార్కెట్లో పేరున్న రోజుల్లో తీసిన సినిమా అది. ‘సర్గమ్’ పేరుతో ఆయనే దాన్ని 1979లో హిందీలోకి తీసుకెళ్లి, జయప్రదను ఉత్తరాది ప్రేక్షకులకు పరిచయం చేశారు. మూగ అమ్మాయి పాదాలకూ, పక్కవాడి చేతిలోని డప్పుకూ మధ్య జరిగే సంభాషణలో ఆయన తర్వాత చెప్పిన కథలన్నిటి విత్తనాలూ ఉన్నాయి. పైగా ఆ డప్పు ఏ సభలోనూ గౌరవం దొరకని వాద్యం. దాన్ని వాయించేవాడి లయజ్ఞానం మీద ఆ సినిమాకు ఎక్కడా అనుమానం లేదు.